గంజి పెట్టిన లంగోటీలు

మా బావగారు ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కున్నవాడు ఎవరి ముందూ తల దించుకోడని మా వీధిలో ఒక నమ్మకం. ఆయన గంజి పెట్టిన కాలర్ ఉండగా తల దించడం ఎలాగూ కుదరదు. ఆయన లాండ్రీలో కౌంటర్ దగ్గర కూర్చుని, వచ్చిన బట్టలకు గుర్తులు వేసి, వెళ్ళే మూటలు అందించేది నేనే. అక్క మొగుడు కాబట్టి ఆయన్ని ఆటపట్టించే హక్కు జీతంతోపాటు నాకు వస్తుంది.

మాటల్లో ఆయన పిసినారి. మడతల విషయంలో మాత్రం ఎవరినీ వదలరు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా చేతులు కడుక్కుని, వాళ్ళిచ్చిన తువ్వాలుతో తుడుచుకున్నాక దాన్ని దులిపి, అంచులు కలిపి, వాళ్ళ మడత తప్పని తెలిసేలా తిరిగి ఇస్తారు. అక్క సిగ్గుతో చచ్చిపోతుంది. పెళ్ళైన కొత్తలో తన చీర కుచ్చిళ్ళు కూడా సరిచేయబోయారని, ఆ రోజుతో ఆ సరదా తీర్చేశానని అక్క ఇప్పటికీ చెబుతుంది.

ఆయన కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే పని చేస్తుంది. ఈమధ్యే ఆడపిల్లని కన్నది. కాన్పు సెలవు అయిపోవస్తోంది. దుకాణం పక్క సందులో పసిపిల్లల్ని చూసుకునే సెంటర్ ఉంది. డైపర్లు వేసిన పిల్లల్నే తీసుకుంటారట. ఆ మాట చెవిన పడగానే బావగారు ఒంటికాలి మీద లేచారు. ఊరందరి బట్టలూ ఉతికే ఇంట్లో పుట్టిన పిల్లకి కొని పారేసే లంగోటీలేమిటన్నారు. మెత్తటి నూలుగుడ్డకి మించింది లేదన్నారు. పిల్లని పగలంతా షాపులో తన దగ్గరే ఉంచమన్నారు.

"ఉతికేది నువ్వే నాన్నా, ఒప్పుకుంటాను. మార్చేదెవరు?" అంది కూతురు.

"నేనే."

అక్క నవ్వు ఆపుకోలేక పక్క గదిలోకి వెళ్ళిపోయింది. దానికి కారణం ఉంది. కూతురు పుట్టినప్పుడు షాపు కొత్త. ఆయన వెళ్ళేసరికి పిల్ల లేచేది కాదు, వచ్చేసరికి నిద్రపోయేది. ఊళ్ళో ఎవరి నడుము ఎంత లావెక్కిందో ప్యాంటు చూసి చెప్పే మనిషికి, సొంత కూతురికి పన్ను వచ్చిన సంగతి నేను చెప్పాల్సొచ్చింది. దాని గురించి ఆయన ఎన్నడూ నోరు విప్పలేదు. కానీ మనవరాలిని షాపులో ఉంచమని అంత గట్టిగా అడగడం వెనక ఉన్నది ఆ బాధేనని నాకు తెలుసు, అక్కకి తెలుసు, కూతురికీ తెలుసు. అందుకే ఆమె కాదనలేక ఒక ఒప్పందానికి వచ్చింది. సెలవు ఉండగానే పిల్లని ఒక రోజు షాపులో వదులుతుంది. సాయంత్రానికి పిల్ల హాయిగా ఉంటే తాతయ్య దగ్గరే పెరుగుతుంది. ఒళ్ళు కందితే సెంటర్, డైపర్లు, ఇంక మాట్లాడేది లేదు.

బావగారు పాత దుప్పట్లు వెతికి, కత్తిరించి, అంచులు కుట్టి, రెండు రోజులు వెనక గదిలో ఎవరినీ రానివ్వకుండా పనిచేశారు. అనుకున్న రోజు పొద్దున నేను వెళ్ళేసరికి లంగోటీలు బల్ల మీద దొంతరగా ఉన్నాయి. అంచుకి అంచు, మూలకి మూల. ఒక్కోదానికి కొసన షాపు గుర్తు కూడా వేశారు. తప్పిపోతే ఎవరైనా తెచ్చి ఇస్తారనా అని అడిగాను. ఆయన నన్ను పట్టించుకోలేదు.

పిల్లకి బట్టల బుట్టలో బొంత పరిచి, ఇస్త్రీ బల్లకి దూరంగా, ఫ్యాను గాలి తగిలేచోట పడక వేశారు. కాసేపు అంతా బాగానే ఉంది. తర్వాత ఏడుపు మొదలైంది. ఆకలన్నారు, పాలు పట్టారు. ఉక్కన్నారు, ఫ్యాను పెంచారు. ఎత్తుకున్నారు. అప్పుడు పిల్ల తన పని తాను కానిచ్చింది. లంగోటీలోకి ఒక్క చుక్క ఇంకితే ఒట్టు. అంతా జారి ఆయన ఒళ్ళోకి వచ్చింది. గుడ్డ పలచనైందని ఆయన రెండు కలిపి కట్టారు. ఏడుపు కూడా రెండింతలైంది. మూటల కోసం వచ్చినవాళ్ళంతా తలా ఒక సలహా ఇచ్చి వెళ్ళారు.

చివరికి నేను లేచి పిల్లని అందుకున్నాను. చేతి కింద గుడ్డ ఫెళఫెళలాడింది.

"బావగారూ, వీటికి గంజి పెట్టారా?"

ఆయన బల్ల మీది దొంతరని అరచేత్తో సర్దారు. "తెల్ల నూలు కదా" అన్నారు.

అంతే. తెల్ల నూలుగుడ్డ కనిపిస్తే ఆయన చెయ్యి గంజి బకెట్లోకి దానంతటదే పోతుంది. పెట్టింది కూడా ఏదో పైపైన కాదు, పెళ్ళికొడుకు చొక్కాకి పెట్టినంత. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆయనకీ నవ్వు ఆగలేదు. ముడి విప్పి చూశాక ఇద్దరి నవ్వూ పోయింది. తడిసిన గంజి జిగురై తొడలకి అంటుకుంది. అంచులు ఒరుసుకున్నచోట లేత చర్మం ఎర్రగా కందిపోయింది.

గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, కొబ్బరినూనె రాశాం. కానీ ఆ ఎరుపు సాయంత్రానికి దాగేది కాదు. కూతురు వచ్చింది, చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. సంచిలోంచి డైపర్ తీసి చిటికెలో వేసేసి, రేపు సెంటర్‌లో మాట్లాడతానంది. నేను ఉండబట్టలేక, గంజి వదిలేదాకా నానబెడితే అవే గుడ్డలు వెన్నలా ఉంటాయని వకాల్తా పుచ్చుకోబోయాను. బావగారు చెయ్యెత్తి నన్ను ఆపారు.

"గుడ్డల సంగతి వదిలెయ్యమ్మా. నువ్వు ఏది వెయ్యమంటే అదే వేస్తాను. ఆ కొనేవే వేస్తాను. పిల్లని మాత్రం ఇక్కడ ఉంచు."

బట్టల విషయంలో ఆయన పట్టు వదలడం అంతకుముందు నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. కూతురు సంచి కింద పెట్టింది.

"ఇది వెయ్యడం వచ్చా నీకు?"

"రాదు. నీ చిన్నప్పుడు నీకు గుడ్డ కట్టడమే రాలేదు నాకు."

ఆమె తను వేసిన డైపర్ విప్పేసి, ఆయన చేతిలో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. బావగారు వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చారు. మొదటిసారి ముందుది వెనక్కి వేశారు. రెండోసారి అంటించే పట్టీ ఆయన మణికట్టు వెంట్రుకలకి అంటుకుంది. పిల్ల కాళ్ళు ఒక్క క్షణం కుదురుగా ఉండటం లేదు, ఆయన నుదుటి మీద చెమట. పక్కనే ఉన్న కూతురు సాయం చెయ్యలేదు. మూడోసారి సరిగ్గా కుదిరింది. నడుము దగ్గర ముడత పడితే బొటనవేలితో మెల్లగా సాపు చేశారు. పిల్ల ఆ వేలు పట్టుకుంది.

కందినది తగ్గేదాకా ఇవే వేద్దాం, తర్వాత గుడ్డల సంగతి చూద్దామంటూ కూతురు సంచి సర్దుకుంది. పిల్లని భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"పొద్దున షాపు ఎన్నింటికి తెరుస్తావు నాన్నా?"

ఆ షాపు ఎన్నింటికి తెరుస్తారో ఆమెకి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. బావగారు లంగోటీల దొంతర ఎత్తి నీళ్ళ బకెట్లో ముంచుతున్నారు. నువ్వు ఎప్పుడొస్తే అప్పుడేనని ఆయన తరఫున నేనే చెప్పాను.