మా బావ కుక్కను నేను పోగొట్టలేదు

కొండ మీద కుక్కను నేనే పోగొట్టానని మా బావ పదిమందిలో అన్నాడు. ఆ మాట ఇంతవరకూ వెనక్కి తీసుకోలేదు.

స్వరాజ్యం వచ్చిన ఏడాది, కార్తీకమాసం. బావంటే మా మేనమామ కొడుకు. ముసునూరు దగ్గర వాళ్లకు మామిడితోట. అందరం మైలవరం వైపు కొండ కిందికి వనభోజనాలకు వెళ్లాం. ఆయన చెల్లెలు సరస్వతిని నాకిచ్చే మాట అప్పుడే నడుస్తోంది. వంటయ్యేలోగా కొండెక్కి వస్తానంటే, బావ తన తోట కుక్కను తోడు పంపాడు.

చలికి కప్పుకున్న దుప్పటి సగం ఎక్కేసరికి బరువనిపించి ఓ బండ మీద పెట్టాను. పైకెళ్లి చూస్తే కుక్క లేదు. పిలిచి పిలిచి గొంతు పోయింది. అవతలి వాలంతా వెతికితే ముళ్లకు పంచె చిరిగింది. చివరికి వేరే దారిన ఒంటరిగా దిగాను.

"కుక్కనే కాయలేనివాడికి చెల్లెల్ని ఎట్లా ఇచ్చేది?" అన్నాడు బావ, విస్తళ్ల ముందు అందరూ వింటుండగా.

సరస్వతి నన్ను ఎగాదిగా చూసి, "బావా, నీ దుప్పటేదీ?" అంది.

తోటలో కాయ కోసేవాళ్లు గట్టున పెట్టిన బట్టలకు కాపలా కూర్చోవడమే ఆ కుక్క పని. పెట్టినవాడు వచ్చి తీసుకునేదాకా ఎవరు పిలిచినా కదలదట. ఆ సంగతి నాకెవరు చెప్పారు? వెళ్లి చూస్తే బండ మీద నా దుప్పటి పక్కనే కూర్చుని ఉంది. నన్ను చూసి ఆవులించింది.

పెళ్లయింది, మనవలొచ్చారు. మొన్న ముసునూరు వెళ్లినప్పుడు, ఇప్పటికైనా ఒప్పుకోమని బావను నిలదీశాను. ఆయన తాపీగా చుట్ట ఆర్పి అన్నాడు:

"నిజమే బావా. కుక్క ఉన్నచోటే ఉంది, తప్పిపోయింది నువ్వు. అయినా పిల్లనిచ్చాంగా, ఇంకా ఏంటి నీ గొడవ?"