సముద్రంలో కరెంటు, చేని కింద నీళ్ళు

మా చీనీ తోటలో, బత్తాయి చెట్ల కింద, మోటారుకు త్రీఫేజు కరెంటు కోసం కాచుకుని కూర్చున్నప్పుడు మా అన్న అడిగాడు, హైదరాబాదులో నేను చేసే పనేమిటని. ఇన్నేళ్ళకు అడిగాడు కదా అని నాకు హుషారొచ్చింది. సముద్రపు నీళ్ళు ఉప్పన, ఉప్పునీళ్ళలో కరెంటు బాగా పారుతుంది. భూమికేమో అయస్కాంత శక్తి ఉంది. ఆటుపోట్లకు ఆ నీళ్ళు కదిలినప్పుడల్లా ఆ శక్తి వల్ల వాటిలో సన్నగా కరెంటు పుడుతుంది. ఆ కరెంటు చుట్టూ మళ్ళీ అతి బలహీనమైన అయస్కాంత క్షేత్రం. దాన్ని ఆకాశంలోని ఉపగ్రహాలు పసిగడతాయి, ఆ లెక్కలు చూడడమే నా ఉద్యోగం అన్నాను.

ఉప్పు సంగతి ఆయనకు చప్పున అర్థమైంది. మోటారు ఎర్తు గుంతలో బొగ్గూ ఉప్పూ పోసేది ఆయనే.

"ఆడ నీళ్ళు కదిలితే కరెంటు వస్తాదా! ఈడ కరెంటు వస్తే కదప్పా నీళ్ళు కదిలేది" అని పడీపడీ నవ్వాడు. నవ్వు ఆగాక, "అంత సన్నది ఆకాశం నుంచి కనపడతాదంటివే. మన చేని కింద నీళ్ళు కనపడవా?" అన్నాడు.

ఉన్న బోరు ఎండిపోతోంది. ఇంకో బోరు వేయించాలా, చెట్లు కొట్టేయాలా అని ఆయన మథనపడుతున్నాడని నాకు తెలుసు.

"కనపడవన్నా. మనవి ఉప్పునీళ్ళు కావు. రాతి సందుల్లో దాదాపు కదలకుండా ఉంటాయి" అన్నాను. పాఠం బాగానే చెప్పాను.

అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ళ జాడ చెప్పే మనిషిని ఆ వారమే పిలిపించాలనుకున్నాడట. మానుకున్నాడు. "ఆకాశంలో మిషనుకే కనపడందంట, టెంకాయకేం కనపడతాది" అన్నాడని వదిన తర్వాత చెప్పింది. టెంకాయను చిన్నప్పటి నుంచీ వెక్కిరించింది నేనే. ఆ వేసవిలో కాపు మీదున్న చెట్లన్నీ కొట్టించాడు.

మరుసటి ఏడు గట్టు అవతలి రైతు అదే మనిషిని పిలిపించి బోరు వేయిస్తే నీళ్ళు పడ్డాయి. టెంకాయ మహిమో, ఆ రైతు అదృష్టమో, నాకు తెలియదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను సముద్రాల దాకా పోయి, ఇంట్లో ఓడిపోయాను.

ఆ తర్వాత ఊరికి పోయినప్పుడు అన్న కొట్టేసిన చెట్ల మోళ్ళ మధ్య కంది విత్తుతున్నాడు. "కనపడవన్నాను గానీ, లేవనలేదన్నా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"నాకేం తెలుసప్పా. చదివినోనివి, నీ మాట పట్టుకుంటి" అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. తిట్టినా బాగుండేది. ఆరోజు ఆయన అడిగింది ఉపగ్రహాల గురించి కాదు, చెట్లు బతుకుతాయా అని. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ మాటే చెప్పి ఉంటే, ఆయన ఇంకొకరిని అడిగేవాడు.