కొంగుకు చిక్కిన చేప

విరుదునగర్‌లో నేను పాఠాలు చెప్పే బడి దగ్గర రంగు చేపల అంగడి ఒకటుంది. అక్కడ దక్షిణ అమెరికా జాతి చారల క్యాట్‌ఫిష్ ఒకటి కొని, నీళ్ళు నింపిన కవర్‌లో పెట్టుకుని కోవిల్‌పట్టిలోని ఇంటికి బస్సెక్కాను. వేలెడంత చేప. మూతికి మీసాలు, రెక్కలకు ముళ్ళు. నీళ్ళలోంచి తీస్తే కిర్రుమంటుందని అంగడతను చెప్పాడు.

ఇంట్లో గాజు తొట్టిలో వదలగానే అది మట్టిపెంకు కిందికి దూరింది. వెలుతురుంటే బయటికి రాని జాతి. మూడు వారాలైనా మా అత్తగారి కంటపడలేదు. కోడలు నీళ్ళు పెంచుతోందని ఆమె వచ్చిన చుట్టాలందరికీ చెప్పేది. రోజూ తొట్టి ముందే కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేది కాబట్టి అందరూ ఆమె మాటే నమ్మారు.

ఒక మధ్యాహ్నం నేను బడిలో ఉండగా ఫోన్ చేసింది. "ఏమ్మా, నీ మీను ఉండాది. సీక్రం రా," అని తొందరపెట్టి ఫోన్ పెట్టేసింది.

సెలవు పెట్టి వచ్చేసరికి బకెట్ పక్కన నేలమీద కూర్చుని ఉంది. కొంగు బకెట్‌లో, కొంగు చివర చేప. తొట్టి ఊరికే ఉండటమెందుకు, ఎండుమిరపకాయలు పోసుకుందామని నీళ్ళన్నీ బకెట్‌లోకి తోడి పెంకు ఎత్తిందట. చేప జారి చేతిలో పడి కిర్రుమంది. ఉలిక్కిపడి కొంగుతో పట్టుకుంటే అది ముళ్ళు విప్పి గుడ్డలో బిగించుకుంది. లాగిన కొద్దీ కిర్రుమంటూ ఉంటే, కొంగుతో సహా నీళ్ళలోకి దించి అలాగే కూర్చుంది. గంటన్నరగా. కత్తితో ముళ్ళు నరికేస్తానన్న పక్కింటావిడను కసిరి పంపేసింది.

ముళ్ళు విడదీయాలని చూశాను. వీలు కాలేదు. కత్తెర తెచ్చాను గానీ, అది ఆమెకు ఇష్టమైన సుంగుడి చీర. చెయ్యాడలేదు.

"యోచన ఏమిటికి? చీర కొయ్యి," అన్నది. "దాని ముల్లు మాత్రం విరగరాదు. అప్పట్నించి అరుస్తానే ఉండాది, పాపం."

అరచేతి వెడల్పున గుడ్డ కత్తిరించి, దారాలు ఒక్కొక్కటే తెంచాను. నీళ్ళు మళ్ళీ తొట్టిలో పోసి వదిలితే చేప పెంకు కిందికి పోయింది. ఆమె వంగి అరగంట చూసింది.

ఆదివారం తనూ విరుదునగర్ వస్తానన్నది. అంగడికి వచ్చి, ముళ్ళ సంగతి ఎందుకు చెప్పలేదని అంగడతన్ని తమిళంలో దులిపేసి, ఒంటరిగా ఉన్నందుకే అది అరిచిందని తేల్చి, తోడుకు మంచిదాన్ని తానే ఎంచుకుంటానంది. ఒక్క చేపా బయటికి రాకపోవడంతో ఆ ఎంపిక అయ్యేసరికి మధ్యాహ్నమైంది.