పసుపు రాసిన ట్రౌట్ చేపలు

నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే ఎగతాళి చేసి లేచిపోయేవాణ్ణి. నిజానికి ఇది దయ్యం కథ కూడా కాదు. ఇందులో ఎవరూ చనిపోలేదు. నన్ను ఇబ్బంది పెడుతున్నదీ అదే.

ఏ కాలేజీలో చూసినా మనవాళ్ళే కనిపించిన రోజులవి. కెనడాలోని రెజైనాలో ఒక బేస్‌మెంట్‌లో ఐదుగురం ఉండేవాళ్ళం. మాలో నర్సింగ్ అనేవాడు నా క్లాస్‌మేట్. నాగార్జునసాగర్ దగ్గర చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఏం చెప్పినా నమ్మేస్తాడు. వాణ్ణి ఏడిపించని రోజు లేదు మాకు.

లాంగ్ వీకెండ్‌కి పక్క రాష్ట్రం అల్బర్టా కొండల్లోని ఒక సరస్సుకు నడిచి వెళ్ళి, టెంట్ వేసుకుని ట్రౌట్ పట్టాలన్న ఆలోచన వాడిదే. మూడు వారాలు కూర్చుని ప్లాన్ చేశాడు. ఎంత దూరం నడవాలి, ఫిషింగ్ లైసెన్స్ ఎలా తీసుకోవాలి, ఎవరి బ్యాగ్ ఎంత బరువుండాలి, అన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మ్యాప్ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాడు. ఒక మాట మాత్రం మాకు విసుగొచ్చేదాకా చెప్పాడు.

“అన్నా, ఆడ ఎలుగుబంట్లుంటయ్. చేప వాసన టెంట్ దగ్గర అస్సలుండొద్దు. కోసుడు, వండుడు అంతా దూరంల్నే.”

బయల్దేరాల్సిన వారం బుధవారం నాడు, మాతోనే ఉండే కిరణ్ నన్ను తన గదిలోకి పిలిచాడు. కారు అతనిది. తన క్లాసులోని ఇద్దరమ్మాయిలు వస్తామన్నారట.

“నర్సింగ్‌గాణ్ణి పక్కన పెట్టుకుని ఫోటోలేం దిగుతాంరా బాబూ? ట్రిప్ క్యాన్సిలని చెప్పెయ్. నువ్వు చెబితే నమ్ముతాడు.”

చెప్పాను. అక్కడితో ఆగినా కొంత నయం. నేనూ నర్సింగూ పార్ట్‌టైమ్ చేసే వేర్‌హౌస్‌లో నా శనివారం షిఫ్ట్ ఎవరైనా కవర్ చేస్తే తప్ప నాకు సెలవు దొరకదు. ట్రిప్ కోసం నర్సింగ్ ఆ రోజు ఖాళీ పెట్టుకున్నాడు కదా, పరీక్ష ఉందని, స్నేహితుడి గదిలో చదువుకుంటానని అబద్ధమాడి నా షిఫ్ట్ వాడికే అంటగట్టాను. “గంతేనా? నేన్ జేస్త తియ్. నువ్వు మంచిగ సదువుకో అన్నా” అన్నాడు. శుక్రవారం దారంతా ఆ మాట తలుచుకుని నేనూ కిరణ్ పగలబడి నవ్వుకున్నాం. కారులో ఐదో సీటు ఖాళీగానే వచ్చింది.

శనివారం ఉదయం వాడి మ్యాప్ పట్టుకునే నలుగురం కొండెక్కాం. సరస్సు దగ్గర మా టెంట్ తప్ప ఇంకో టెంట్ లేదు. తిండి సామాను అక్కడున్న, ఎలుగుబంట్లు తెరవలేని ఇనప పెట్టెలో పెట్టి, అవతలి ఒడ్డుకు వెళ్ళి గాలాలు వేశాం. రెండు గంటలు నిలబడినా ఒక్క చేప పడలేదు. ఒంటిగంటకు వెనక్కి వచ్చాం.

టెంట్ గుమ్మం ముందు ఒక బల్లపరుపు రాయి మీద నాలుగు ట్రౌట్ చేపలు వరసగా ఉన్నాయి. ఇంకా తడిగా ఉన్నాయి. అందరూ కోసినట్టు కడుపు దగ్గర కోయలేదు. వీపు దగ్గర చీల్చి, తెరిచి, ఉప్పూ పసుపూ రాసి పెట్టారు. ఎండబెట్టే చేపలను వాళ్ళమ్మ అలాగే కోస్తుందని నర్సింగ్ మా వంటింట్లో ఎన్నోసార్లు కోసి చూపించాడు. మేం తీసుకెళ్ళింది నూడుల్స్, బ్రెడ్డు. మా నలుగురిలో ఎవరి దగ్గరా పసుపు లేదు.

అమ్మాయిలు కిరణ్ ఏదో తమాషా చేశాడనుకున్నారు. కిరణ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అంతలో పైన పొదల్లో కొమ్మలు విరుగుతున్న చప్పుడైంది. అన్నీ వదిలేసి కిందికి దిగాం. మలుపు దగ్గర వెనక్కి చూస్తే గోధుమరంగు ఎలుగుబంటి ఒకటి మా టెంట్‌ను చీరేస్తోంది. మేం లోపల పడుకుని ఉంటే ఏమయ్యేదో.

ఇంటికి రాగానే ఆరా తీశాను. ఆ రోజు నర్సింగ్ పొద్దున ఏడు నుంచి మూడు దాకా వేర్‌హౌస్‌లోనే ఉన్నాడు. మా ఇంట్లో ఉండే ఇంకొకతను వాడి పక్కనే పనిచేశాడు, ఇద్దరూ కలిసి భోంచేశారు. రెజైనా నుంచి ఆ కొండలకు కారులో వెళ్ళడానికే ఒక పూట పైగా పడుతుంది.

వాడు నన్నేమీ అడగలేదు. నెల తిరక్కుండా వేరే ఊరు, బ్రాంప్టన్ వెళ్ళిపోయాడు. చలికాలంలో ఒకరోజు నేనే ఫోన్ చేసి, మోసం చేశామని ఒప్పుకున్నాను. చేపల సంగతి మాత్రం ఎత్తలేదు.

“బుధవారమే తెల్సె అన్నా. కిరణన్న రూం గోడ పల్చటిది, మీ మాటలన్నీ ఇనవడ్డయ్.”

“మరి నా షిఫ్ట్ ఎందుకు చేశావ్?”

“ఏం జేద్దు? నాకు పోవాలని మస్తుండె. పొద్దంత డబ్బాలు మోసుకుంట మనసుల్నే పోయిన. కొండెక్కిన, చేపలు వట్టిన, కోసిన.”

కోసి ఎక్కడ పెట్టావని అడిగాను.

“మీ టెంట్ ముంగట” అన్నాడు. ఈసారి ‘అన్నా’ అనలేదు.

ఇదంతా ఎలా జరిగిందో వాణ్ణి మళ్ళీ అడిగే ధైర్యం నాకు లేదు.