అక్క చెవిలో చెప్పిన సినిమాలు

మా బావ కట్టుడు పళ్ళు చేసేవాడు. పళ్ళ డాక్టర్లు పంపిన అచ్చులు ముందేసుకుని, పొద్దస్తమానం ఎవరెవరి దవడలకో మైనం అద్దుతూ, అరగదీస్తూ కూర్చోవడం ఆయన ఉద్యోగం. అందుకే కాబోలు, సినిమాలో మనుషుల్ని కూడా ముందు నోరు చూసే అంచనా కట్టేవాడు.

"ఈ పెద్ద పెద్ద సినిమాల్లో కూలివాడికీ, ఖైదీకీ, పండు ముసలమ్మకీ ఒకటే పలువరుస. నేను చేసినవే అంత బాగా కుదరవు. ఆ నోటితో ఆకలేస్తోందంటే ఎలా నమ్మమంటావ్?" అనేవాడు.

ఎక్కడో మనకు పేరు కూడా నోరు తిరగని దేశంలో, ఎవరో చేతిలో చిల్లిగవ్వ లేకుండా తీసిన సినిమా అయితే మాత్రం ప్రాణం పెట్టేవాడు. ముందు పన్ను విరిగిన ఆడమనిషి నవ్విందంటే చాలు, "చూశావా, ఈవిడ నిజం!" అని నా తొడ మీద ఒక్కటి చరిచేవాడు. మంట పుట్టేది. ఏడవాల్సిన చోట వయొలిన్లు మోగించే దర్శకుడికి ప్రేక్షకుడి మీద నమ్మకం లేదనేవాడు. చివర్లో అంతా సుఖాంతమైతే ఇక ఒళ్ళు మండిపోయేది.

"చివర్లో అబద్ధం చెప్పడం, కొలత తప్పిన పళ్ళ సెట్టు అంటగట్టడం ఒకటేరా."

నాకేమో హాయిగా నవ్వుకునే సినిమాలు కావాలి. ఆ మాట అన్నందుకు చాన్నాళ్ళు నా మీద ముఖం మాడ్చుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం కర్టెన్లు లాగేసి, అక్కా బావా హాల్లో మంచం మీద పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. అది మా మేనకోడలి మంచం. బడికెళ్ళే వయసులోనే జ్వరంతో పోయింది. మంచం తీసేయమని ఎవరం అనలేకపోయాం. అక్కకు ఇంగ్లీషు రాదు కాబట్టి, తెర కింద పడే మాటలన్నీ బావ తెలుగులో ఆమె చెవిలో చెప్పేవాడు. వెనక కుర్చీలో ఉన్న నాకు ఆ గుసగుస తప్ప మాటలు వినపడేవి కావు.

తర్వాత బావకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, మాటా పడిపోయాయి. అక్షరాలు కనిపిస్తాయి గానీ చదవలేడని డాక్టరు చెప్పాడు. ఇక ఈ మనిషికి మిగిలిందేమిటని నాకు దిగులు పట్టుకుంది.

అక్క మాత్రం ఆదివారం ఆయన్ని నడిపించుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. ఒరిగిపోకుండా ఆయనకు ఇటుపక్క నన్ను ఆనుకుని కూర్చోమంది. ఎప్పుడో చూసిన సినిమానే పెట్టి, "ఈసారి నేను చెబుతా, మీరు వినండి" అంది.

పట్నంలో పనికెళ్ళిన కూతురి కోసం ఎదురుచూసే తండ్రి కథ అది. అక్క జ్ఞాపకం మీద చెప్పుకుంటూ పోయింది. చివర్లో పొరుగావిడ వచ్చి గుమ్మంలో నిలబడి ఏదో అంటుంది. తండ్రి లోపలికి వెళ్ళి కూతురి పక్క దులిపి, దుప్పటి సరిచేస్తాడు.

"మీ అమ్మాయి వచ్చేస్తోందని చెప్పిందండీ. అందుకే పక్క వేస్తున్నాడు" అంది అక్క.

తెర మీద ఉన్నది అది కాదు. కూతురి శవం ఏట్లో దొరికిందని ఉంది. నా నోరు ఊరుకోదు కదా, "అదేంటక్కా, అక్కడ..." అనబోయాను.

బావ ఎడమ చెయ్యి నా మణికట్టును పట్టుకుంది. అంత బలం ఆ మనిషిలో ఇంకా ఉందనుకోలేదు. నా వంక బతిమాలుతున్నట్టు చూశాడు. అప్పుడు తెలిసింది. ఆ మాట అక్కకు చెప్పినవాడు ఈయనే. అబద్ధపు ముగింపంటే మండిపడే మనిషి, ఆ మంచం మీద కూర్చుని, ఒక్క బిడ్డనూ చావనివ్వలేదు.

సినిమా అయ్యాక అక్క కప్పులు కడుగుతుంటే వంటింట్లోకి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే తనే అంది.

"సినిమాలో ఆ పిల్ల చచ్చిపోయిందని నాకు తెలీదనుకున్నావట్రా? ఆ పక్క దులిపే చేతులు చూస్తే తెలీదూ? ఆ రోజు నేనూ అలాగే దులిపాను."

"మరి బావతో ఎప్పుడూ అనలేదేం?"

"నాకోసం అంత కష్టపడి కల్పిస్తుంటే ఎలా అంటాను?" కప్పు బోర్లించి, చేతులు తుడుచుకుంది. "ఆయన చెబుతుంటే కాసేపు నిజమే అనిపించేదిరా. నేను చెబితే నాకే నమ్మబుద్ధి కావట్లేదు."