మా బాపు బాగుచేసిన కప్పబండి

మొన్న బాన్సువాడ బస్టాండు వెనక సందులోంచి కూరగాయల సంచితో వస్తుంటే, ఒక మెకానిక్ షెడ్డు ముందు ఎవరో గేరుబాక్సు విప్పి పాత ఆయిలు డబ్బాలోకి వంచుతున్నారు. మాడిన గేరాయిలుకు ఒక వాసన ఉంటుంది, మురిగిన గుడ్డుకూ కాలిన రబ్బరుకూ నడుమ ఎక్కడో. నా పక్కన నడుస్తున్నామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడిపోయాను. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచే మా ఇంట్లో, నా చిన్నతనంలో ఒక ఎండకాలమంతా ఆ వాసనే. బాపు చేతుల నుంచి అంబలి గిన్నెకు, గిన్నె నుంచి మా అందరి చేతులకు అంటుకుని, అవ్వ కుంకుడుకాయ పెట్టి ఎంత రుద్దినా పోయేది కాదు.

బాపుకు బీర్కూర్ రోడ్డు మీద ట్రాక్టర్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉండేది. చెరుకు నరికే రోజుల్లో ట్రాలీలు రోడ్డు పొడుగునా నిలబడేవి, మేం పిల్లలం వెనక నుంచి గడలు గుంజుకుని పళ్లతో చీల్చుకుని తినేవాళ్లం. యాసంగి వరి కోతలయ్యాక పని సల్లబడేది. అప్పుడు బాపు షెడ్డు నీడన గోనెసంచి పరుచుకుని పడుకుంటే, ఆడపిల్లలం పగిలిన బేరింగుల్లోంచి రాలిన ఉక్కు గుండ్లతో అచ్చనగండ్లు ఆడేవాళ్లం. ఎండకు కాలిన గుండు అరచేతిలో పడితే చురుక్కుమనేది. ఇంటి దగ్గర అవ్వ మామిడికాయ తొక్కు కలిపేది. ఆ కారం ఘాటుకు వాడకట్టంతా తుమ్మేది.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు బాపు నిజామాబాదు పాత ఇనుప సామాన్ల దుకాణం నుంచి ట్రాలీ మీద ఒక వింత బండి తెచ్చాడు. తొట్టిలాంటి ఒళ్లు, దానికి అటు మూడు ఇటు మూడు బొద్దు చక్రాలు. స్టీరింగు లేదు, రెండు ఇనుప కడ్డీలున్నాయి. ఎడమ కడ్డీ గుంజితే ఎడమ చక్రాలు ఆగి బండి అటు తిరుగుతుంది. నేల మీద నడిచినట్టే నీళ్ల మీదా తేలుతుందని, చక్రాలే తెడ్లలా నీళ్లను నెడతాయని బాపు చెప్పాడు. నీటి ప్రాజెక్టు పనుల్లో ఎవరో వాడి వదిలేసిందట. మేం పిల్లలం దానికి కప్పబండి అని పేరు పెట్టాం.

"ట్రాక్టర్లు సాలయ్యా నీకు? గీ కప్పతోని ఏం జేస్తవ్?" అంది అవ్వ.

బాపు పానా తీసుకుని బండి కిందికి దూరాడు. మరునాడు మా ఊరి వాగుకు అవతలున్న లంబాడీ తండా నుంచి రాంసింగ్ కాక రావడం మొదలుపెట్టాక అవ్వ మళ్లీ అడగలేదు.

రాంసింగ్ కాక బాపుకు చిన్ననాటి దోస్తు. ముందటి వానకాలం ఆయన భార్య సోనీబాయికి నొప్పులొచ్చిన నాడు వాగు నిండుగా పారుతోంది. మంచం మీద మోసుకొచ్చి అవతలి ఒడ్డున దించారు. దవాఖానకు తీసుకుపోదామని బాపు ట్రాక్టరుతో ఇవతలి ఒడ్డున ఉన్నాడు. ట్రాక్టరు నీళ్లలోకి దింపబోయి, కొట్టుకుపోబోతే వెనక్కి తీశాడు. పొద్దుగూకే వరకు ఆమె అరుపులు వినిపించాయట. ఆ తర్వాత వినిపించలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. ఈ సంగతి బాపు మాకెప్పుడూ చెప్పలేదు. అవ్వ చెప్పింది, అదీ నేను పెద్దదాన్నయ్యాక.

ఆ ఎండకాలమంతా వాళ్లిద్దరూ ఆ బండితోనే ఉన్నారు. ఇంజను ముక్కలైపోతే పాత ఆటో ఇంజను బిగించారు. బండి కడుపులో రెండు వైపులా గొలుసులుంటాయి, ఇంజను బలం చక్రాలకు అందేది వాటి మీదుగానే. అవి తుప్పుపట్టి కట్టెలా బిగుసుకుపోయాయి. డీజిల్లో నానబెట్టి, లంకె లంకెకూ సుత్తి తగిలించి కదిలించారు. కదలనివి కోసేసి కొత్తవి అతికారు. పళ్లు విరిగిన గేరుచక్రానికి వెల్డింగు పోసి, రాంసింగ్ కాక ఆకురాయితో ఒక్కొక్క పన్నూ అరగదీసేవాడు. మధ్యాహ్నం జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పట్టుకుని నేను పోతే, ఇద్దరూ చేతులకు అంటిన మడ్డితోనే రొట్టె తుంచుకునేవాళ్లు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది ఇరుసులు తొట్టిలోంచి బయటికొచ్చే చోటు. మొదటిసారి కాలువలోకి దింపితే ఆ సందుల్లోంచి నీళ్లు ఊరి, ఇద్దరూ చెంబులతో తోడిపోసుకుంటూ ఒడ్డుకొచ్చారు. గట్టు మీద జనం నవ్వారు. రాంసింగ్ కాక మాత్రం నవ్వలేదు. మళ్లీ విప్పారు. ట్రాక్టరు చక్రానికి వేసే రబ్బరు వాచర్లు తెచ్చి, గ్రీజు కూరి బిగించారు. ఈసారి నీళ్లు రాలేదు.

వానలు పడ్డాయి. తండాలో ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి ఆడుకునే తీజ్ పండుగ రోజులవి. పొద్దున్నే అవతలి ఒడ్డు నుంచి కేకలు వేశారు. రాంసింగ్ కాక తమ్ముని భార్య కమ్లీకి నొప్పులు. బండిని ట్రాలీ మీద వాగు దాకా తెచ్చారు. నేనూ అవ్వ వెంట ఉరికాను. అవ్వ మోటబావి తాడు భుజాన వేసుకొచ్చి తానే బండికి ముడేసింది. తర్వాత ఎవరినీ అడగకుండా బండెక్కి కూర్చుంది.

"నువ్వెక్కడికి?" అన్నాడు బాపు.

"ఆడిమనిషి లేకుంట ఆ పిల్ల ఎట్లొస్తది? పోనియ్" అంది.

పోవడం బాగానే పోయారు. అవతల కమ్లీతో పాటు రాంసింగ్ కాక కూడా ఎక్కి కడ్డీలు పట్టుకున్నాడు. కమ్లీ తల అవ్వ ఒళ్లో పెట్టుకుని తిరిగొస్తుంటే నడి వాగులో ఎడమ గొలుసు జారింది. ఒకవైపు చక్రాలే తిరగడంతో బండి ఉన్నచోటే గుండ్రంగా తిరగసాగింది. ఒడ్డున తాడు పట్టుకున్న మగవాళ్లు వెనక్కి వాలిపోయారు. నేను కూడా తాడు చివర పట్టుకున్నాను. దాని పీచు నా అరచేతులు కోసింది. జారిన గొలుసు ఎక్కించడానికి బాపు అడుగు పలక లేపి లోపలికి వంగాడు. ఇంజను ఆపితే మళ్లీ అంటుకోదని భయపడి రాంసింగ్ కాక ఆపలేదు. కాసేపటికి బండి తిరగడం మానింది, ఒడ్డుకేసి వచ్చింది.

దిగాక చూస్తే బాపు కుడిచేతి రెండు వేళ్లు కొసలు లేవు. తిరుగుతున్న గొలుసు వాటిని తెంపుకుపోయింది. తువ్వాలు చుట్టుకుని ముందు కమ్లీని ట్రాక్టరు ఎక్కించాడు. ఆ పొద్దు బాన్సువాడ దవాఖానలో ఒక గదిలో కమ్లీకి కొడుకు పుట్టాడు, పక్క గదిలో బాపు వేళ్లకు కుట్లు పడ్డాయి. రాంసింగ్ కాక రెండు గదుల నడుమ గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. సోనీబాయి పోయిన నాడు కూడా ఆయన ఏడవలేదని చాలా ఏళ్ల తర్వాత అవ్వ అంది.

ఆ తర్వాత చాలా వానకాలాలు ఆ బండి మనుషులను దాటించింది. జ్వరాలవాళ్లు, పాము కరిచినవాళ్లు, ఒకసారి పరీక్షకు పోయే పిల్లలు. వంతెన వచ్చాక దాని అవసరం తీరింది. బాపు దాన్ని ముక్కలు చేయనివ్వలేదు, తండా ఒడ్డున చింతచెట్టుకు కట్టేసి ఉంచాడు. బాపు పోయి చాలా కాలమైంది. షెడ్డు చోట ఇప్పుడు ఫంక్షన్ హాలు లేచింది. చెరుకు ట్రాలీలూ పలచబడ్డాయి. అవ్వ నా దగ్గరే ఉంటుంది.

గేరాయిలు వాసన పీల్చిన మరునాడు నేను బస్సెక్కి తండాకు పోయాను. రాంసింగ్ కాక అరుగు మీద ఎండకు కూర్చున్నాడు. చూపు మందగించినా నా గొంతు గుర్తుపట్టాడు. బండి చూద్దామని వచ్చానన్నాను.

"పోయిన వానకాలం పెద్ద వరదొచ్చింది బిడ్డా. తాడు కుళ్లిపోయినట్టుంది, తెగింది. నేను గట్టు మీదనే ఉన్న. మునగలే. తేలుకుంట మంజీర దిక్కు పోయింది."

"ఎవరినన్నా పిలిచి ఆపకపోయినవా కాకా?"

"ఎందుకు? దాంట్ల ఎవ్వలు లేకుండ్రి. గీ ఒడ్డున ఎదురుచూసేటోళ్లు గూడ లేకపాయిరి" అన్నాడు.

కమ్లీ కోడలు చాయ తెచ్చింది. తాగి, ఆయన కాళ్లకు మొక్కి బయల్దేరాను. రేవుకు దిగే బాట ఎక్కడుండేదో చూద్దామనుకున్నాను కానీ సర్కారు తుమ్మలు కమ్మేసి దారి తెలియలేదు. బస్సొచ్చింది. కండక్టరు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు కొట్టి నా చేతికిచ్చేలోపే బస్సు వంతెన దాటేసింది.