ఏ కణమైనా కాగలవు

మా నాయిన స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఒక ఊళ్లో కల్లు గీసేవాడు. అరవై దాటినా తాటిచెట్లు ఎక్కడం మానలేదు. ఒక ఎండాకాలం పొద్దున నడుముకూ చెట్టుకూ కలిపి కట్టుకునే మోకు తెగి కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ వెన్నుపాము నలిగి, నడుము కింది భాగమంతా చచ్చుబడింది.

నేను మహబూబాబాద్‌లో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. అన్నకు భూపాలపల్లిలో బొగ్గు గనిలో ఉద్యోగం. దవాఖానలో నాయిన మంచం పక్కన అన్న గోడకు తల ఆనించి నిలబడ్డాడు. ఆ మొహం చూడలేక నేనొక మాట అన్నాను.

"మూలకణాలని ఉంటయన్నా. అవి ఒంట్ల ఏ కణమైనా కాగలవు. ఎప్పటికన్నా మందు దొరుకుతది."

ఏటా పిల్లలతో చదివించే వాక్యం అది. ఆ క్షణాన ఓదార్చడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

మూడు నెలల తర్వాత అన్న ఫోన్ చేశాడు.

"చెల్లే, పట్నంల గా కణాల సూదులు ఇస్తున్నరట. నాతోని పనిచేసేటాయన చిన్నబిడ్డకు తలసేమియా ఉండె. గా పిల్ల అక్క ఎముకల మూలుగ ఎక్కిచ్చిండ్రు. ఇప్పుడు నెలనెలా రక్తం ఎక్కిచ్చే పనే లేదు, బడికి పోతంది. గా పిల్లకు నయమైనప్పుడు నాయినకెందుకు కాదు?"

చూసి చెప్తనని ఫోన్ పెట్టేశాను. ఆ ఆదివారమంతా కూర్చుని చదివాను. చదివేకొద్దీ సిగ్గేసింది. ఏ కణమైనా కాగల శక్తి తొలి రోజుల పిండంలోని కణాలది. ఆ శక్తి వల్లే వాటిని ఉన్నవున్నట్టు ఒంట్లో పెడితే గడ్డలుగా పెరిగే ప్రమాదముంది. పిండాన్ని నాశనం చేసి వాటిని తీయడం న్యాయమేనా అన్న ప్రశ్నా ఉంది. పెద్దవాళ్ల చర్మంలోంచో రక్తంలోంచో కణాలు తీసి, ప్రయోగశాలలో వాటిని మళ్లీ ఆ తొలి స్థితికి తిప్పే పద్ధతి ఇంకొకటి. దానికి పిండంతో పని లేదు, కానీ వెన్నుపాము విషయంలో అదింకా పరీక్షల దశ దాటలేదు. ఎముక మూలుగలోంచీ బొడ్డుతాడు రక్తంలోంచీ తీసి ఎక్కించేవి రక్తాన్ని పుట్టించే కణాలు. ఆ పాపకు చెడింది రక్తమే కనుక అక్క మూలుగ కుదిరి బతికించింది. పట్నంలో ఇస్తామన్నవి కొవ్వులోంచి తీసేవి. ఎముకగానో కీళ్ల మధ్య మెత్తటి ఎముకగానో మారతాయి గానీ, నలిగిన వెన్నుపామును బాగుచేస్తాయనడానికి రుజువు లేదు.

అన్న ఊరికి వచ్చిన రోజు నేనూ వెళ్లి, నాయిన మంచం దగ్గర ఇదంతా చెప్పాను. అన్న కోపంతో లేచాడు.

"ఏ కణమైనా అయితదని చెప్పింది నువ్వే గదా! ఇప్పుడేంది గిట్ల మాట్లాడవడితివి?"

"తప్పు చెప్పిన్నన్నా. అన్ని కణాలు ఒక్కతీరువి కావు."

నాయిన అంతసేపూ కప్పు వైపు చూస్తూ విన్నాడు. చివరికి, "కొట్లాడకుండ్రి. నా పెయ్యి, నా పానం గదా, నేనే పోయి అడుగుత," అన్నాడు.

ముగ్గురం కారులో పట్నం వెళ్లాం. అక్కడి డాక్టరు మర్యాదగానే మాట్లాడాడు. పొట్టలోంచి కొవ్వు తీసి, కణాలు వేరుచేసి వెన్నులో ఎక్కిస్తామన్నాడు.

"సారూ," అన్నాడు నాయిన, "నాలెక్క తాటిచెట్టు మీదికెళ్లి పడ్డోడు మీ సూదితోని లేచి నడిచిండా? ఒక్కన్ని సూపెట్టుండ్రి. మాట్లాడి చెప్త."

డాక్టరు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఎవరో విదేశీయుడు కర్రల సాయంతో అడుగులు వేస్తున్నాడు.

"గీయన కాదు సారూ. నేను చెయ్యి పట్టుకొని మాట్లాడేటోడు కావాలె."

"ఒక్కొక్కరి శరీరం ఒక్కోలా స్పందిస్తుంది పెద్దాయనా," అన్నాడు డాక్టరు.

"పోదం పాండ్రి," అన్నాడు నాయిన మాతో.

తిరుగుదారిలో జనగామ దాటాక అన్న కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ ఫోన్ చేయలేకపోయాను. అతని ఆశను పెంచిందీ నేనే, తుంచిందీ నేనే.

నాయిన మాత్రం మరుసటి వారం నుంచే ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పినట్టు చేతులకు పని పెట్టాడు. జీవితమంతా చెట్లెక్కిన చేతులు. వర్షాకాలం అయిపోయేసరికి మంచం మీంచి చక్రాల కుర్చీలోకి తనంతట తనే జరగగలిగాడు. అది చూడటానికి వచ్చిన రోజున అన్న నన్ను "చెల్లే, తిన్నవా?" అని అడిగాడు. ఇద్దరం కలిసి కూర్చుని తిన్నాం.

ఇప్పుడు సెలవు దొరికితే అన్న ఊరికి వస్తాడు. నాయినకు స్నానం చేయించి, వీపు మీద పుండ్లు పడకుండా పక్కకు తిప్పి పౌడరు రాస్తాడు. నేను ఇంకా చదువుతూనే ఉన్నాను. తొలి స్థితికి తిప్పిన కణాలతో వెన్నుపాముకు ఎక్కడో కొత్తగా మనుషుల మీద పరీక్షలు జరుగుతున్నాయట. ఆ సంగతి ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు.